విద్యార్థులకు గూడు కట్టిన కొత్వాలు: రాజా బహద్దరు వెంకటరామారెడ్డి

కలిగినవాడు తన బిడ్డను చదివించుకొనుటలో విశేషమేమియు లేదు. చదువుకొనవలెనను కోరికయు, చదువగల బుద్ధియు ఉండి, చేత ద్రవ్యము లేని పరుల బిడ్డలకొక దారి చూపుటయే విశేషము. హైదరాబాదు రాజ్యములోని తెలుగు పల్లెల పిల్లలకు ఉన్నతవిద్య అందని మ్రానిపండుగా నుండిన కాలమున, ఆ కొమ్మను వంచి పండును చేతికందించినవారిలో రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు అగ్రగణ్యులు. వారు స్వయముగా కళాశాలలో చదివినవారు కారు. పదునేడవ యేటనే రక్షకభట శాఖలో కొలువున చేరి, క్రమముగా నిజాము రాజధానికి కొత్వాలైరి. అంతటి పదవి నిర్వహించినను, తెలంగాణపు పెద్దలకు వారి పేరు వినగానే మొదట జ్ఞప్తికి వచ్చునది వారు 1918 వ సంవత్సరమున నెలకొల్పిన విద్యార్థి వసతిగృహమే.

పిల్లవానిని కళాశాలకు పంపుటకు ధనమెట్లు సమకూర్చుకొనవలెనను చింత నేటికిని అనేక గృహములలో తీరలేదు. ఆ చింతకు ఉపాయమును వెదకువారికి వెంకటరామారెడ్డిగారి చరిత్ర ఒక పాఠము వంటిది.

జననము, బాల్యము

వెంకటరామారెడ్డిగారు 1869 వ సంవత్సరము ఆగస్టు 22 వ తేదీన వనపర్తి సంస్థానములోని రాయణిపేట గ్రామమున జన్మించిరి. నాడది పాలమూరు సీమ. తరువాత మహబూబునగరు జిల్లాగాను, 2016 లో జరిగిన జిల్లాల పునర్విభజన పిమ్మట వనపర్తి జిల్లాగాను ఆ ప్రాంతమునకు పేర్లు మారినవి. బాల్యముననే తల్లిని కోల్పోయిన ఆ బాలుడు మాతామహి చెంత పెరిగెను. చదువుకూడ బంధువుల ఆదరణమీదనే సాగెను. ఒకరి యింట అన్నము తిని, ఇంకొకరి ప్రాపున అక్షరములు నేర్చుట యెట్టిదో వారికి చిన్ననాడే అనుభవమునకు వచ్చెను.

ఆ కాలమున హైదరాబాదు రాజ్యమున తెలుగు చదివినవానికి సర్కారు కొలువు దొరకు ఆశ లేదు. దివాను మొదటి సాలారుజంగు కాలమంతయు కచ్చేరీల భాష పారసీకము. 1880 దశాబ్ది మధ్యభాగమున దాని స్థానమును ఉర్దూ ఆక్రమించెను. కావున ఇంటిలో తెలుగు, బడిలో ఉర్దూ, దస్త్రములలో పారసీకము నేర్చిన బాలుడే ముందునకు పోగలిగెడివాడు. వెంకటరామారెడ్డిగారు ఈ మూటితోపాటు కన్నడమును, మరాఠీని కూడ అభ్యసించిరి. రాజ్యమునందలి మూడు దేశభాషలును, రెండు కచ్చేరీ భాషలును వశమైన ఆ యువకునకు కళాశాల పట్టము లేకున్నను బహుభాషాజ్ఞానమే మూలధనమయ్యెను.

కొలువులో ఎదుగుదల

1886 లో రాయచూరు జిల్లా ముద్గల్లులో వారు అమీనుగా ఉద్యోగములో ప్రవేశించిరి. అమీననగా ఠాణాధికారి. కన్నడ సీమయైన ఆ ప్రాంతమున పదునేడేండ్ల తెలుగు యువకుడు అధికారిగా నిలదొక్కుకొనుట సామాన్యము కాదు. అటుపిమ్మట మూడు దశాబ్దులకు పైగా వారు రక్షకభట శాఖలో ఒక్కొక్క మెట్టే యెక్కుచు వచ్చిరి. జిల్లాలలో తిరుగు అధికారికి గ్రామముల స్థితిగతులు తెలియకుండ నుండవు. ఏ యూర బడి యున్నది, ఏ యూర లేదు, ఏ తండ్రి బిడ్డను చదివింపలేక పొలమునకు పంపినాడు అను సంగతులు దస్త్రములలో కనబడవు. గ్రామచావడిలో కూర్చున్నవానికి కనబడును.

హైదరాబాదు నగరమునకు వచ్చిన పిదప వారు కొత్వాలు ఇమాదుజంగుగారికి సహాయకులుగా పనిచేసిరి. 1920 లో ఇమాదుజంగు మరణించగా ఏడవ నిజాము మీరు ఉస్మానలీఖాను ఆ పదవిని వెంకటరామారెడ్డిగారికి ఒసంగెను. కొత్వాలనగా రాజధానియందలి రక్షకభట శాఖకు సర్వాధికారి. నగరమందలి శాంతిభద్రతలను గురించి నేరుగా ప్రభువునకు నివేదించువాడు. అసఫ్‌జాహీ వంశపు పాలనలో ఒక హిందువు ఆ పదవినందుట అదియే ప్రథమము. 1922 లో ఇంగ్లండు యువరాజు హైదరాబాదునకు వచ్చినప్పుడును, ఖిలాఫతు ఉద్యమపు దినములలోను నగరము ప్రశాంతముగా నుండుటకు వారి నేర్పు కారణమని చెప్పుదురు. 1934 వరకు పదునాలుగేండ్లు వారా పదవిలో నుండిరి. నిజాము రాజా బహద్దరు బిరుదమును, ఆంగ్ల ప్రభుత్వము ఓ.బి.ఇ. బిరుదమును వారికిచ్చినవి.

ఇట్టి పదవులు పొందినవారు మరికొందరు కలరు. వారిలో పలువురి పేర్లు నేడు చరిత్ర పుటలలో మాత్రమే మిగిలినవి. వెంకటరామారెడ్డిగారి పేరు ఇంటింట నిలుచుటకు కారణము వేరు.

నాటి చదువుల స్థితి

1911 జనగణన నాటికి హైదరాబాదు రాజ్యమున అక్షరములు వచ్చినవారు నూటికి సుమారు ముగ్గురు. స్త్రీలలో నూటికి ఒక్కరైనను లేరు. రాజధానిలో 1887 నుండి నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నడచుచుండెను. ఉర్దూ మాధ్యమముగా ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపింపవలెనని 1917 లో నిర్ణయము జరిగి, 1919 లో తరగతులు మొదలైనవి. ఉన్నతవిద్యకు తలుపులు తెరచుకొన్నవి గాని, ఆ తలుపులన్నియు రాజధానిలోనే యుండెను.

విద్యార్థులకు ప్రభుత్వ సహాయము బొత్తిగా లేకపోలేదు. 1895 లో పదునారేండ్ల సరోజినీ చట్టోపాధ్యాయ, అనగా తరువాతి కాలపు సరోజినీనాయుడు, ఆరవ నిజామిచ్చిన ఉపకార వేతనముతోనే ఇంగ్లండునకు చదువబోయెను. ఆమె తండ్రి నిజాము కళాశాలతో సంబంధముగల విద్వాంసుడు. ఉపకార వేతనమున్నదని తెలియుటకును, దానికి అర్జీ వ్రాయుటకును, అర్జీ చేరవలసిన చోటికి చేర్చుటకును రాజధానిలో ఒకరి అండ కావలెను. పల్లెటూరి బాలునకు ఆ అండ యెక్కడిది?

ఉదాహరణమునకు చౌటుప్పల్ గ్రామమును తలచుకొందము. హైదరాబాదునుండి బెజవాడకు పోవు రాజమార్గముపై నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న యీ యూరు నాడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. కాలువ నీరెరుగని మెట్టసీమ. చెరువులు, బావులు, వానలు తప్ప వేరాధారము లేదు. జొన్నలు, ఆముదాలు పండినచో పండినట్లు, లేనిచో లేనట్లు. రైతు చేతికి రొక్కము వచ్చునది సంవత్సరమునకొక మారు, అదియు శిస్తు కట్టి, షావుకారు బాకీ తీర్చిన పిమ్మట మిగిలిననే. ఊరిలో చదువంతయు ఖాన్గీ బడిలో సాగెడిది. పంతులుగారు అరుగుమీద నేర్పు ఆ బడులకు సయితము 1924 లో వచ్చిన ఉత్తరువు వలన సర్కారు అనుమతి అవసరమయ్యెను. అనేకములు మూతపడినవి. ఆపైన చదువవలెనన్నచో నగరమే గతి. ఎడ్లబండిపై ఇంచుమించు రెండు దినముల ప్రయాణము.

నగరము చేరిన పిదప అసలు చిక్కు మొదలగును. పాఠశాల జీతము భరింపరానంత యెక్కువ కాదు. ఆ బాలుడెచ్చట తినవలెను, ఎచ్చట పరుండవలెను అనునదే ప్రశ్న. నాటి సమాజమున వారములు చెప్పుకొని, దినమునకొక యింట భోజనము చేయుచు చదువుకొను ఆచారము కలదు. అయితే ఆ ఆచారము ప్రధానముగా బ్రాహ్మణ గృహములలో బ్రాహ్మణ విద్యార్థులకే పరిమితము. పంక్తిభేదములు కఠినముగానున్న ఆ దినములలో ఇతర కులముల బాలురకు పరులయింట విస్తరి దొరకదు. పూటకూళ్ల యింట తినుటకు పైకము లేదు. నగరమున బంధువులున్నవాడు అదృష్టవంతుడు. తక్కినవాడు బుద్ధిమంతుడైనను ఊరికి తిరిగి రావలసినదే. విద్యకు అడ్డుపడినది పాఠశాల గడప కాదనియు, పట్టెడన్నమే యనియు వెంకటరామారెడ్డిగారు గ్రహించిరి. తక్కిన దాతలకంటె వారు ముందడుగు వేయుటకు ఈ గ్రహింపే మూలము.

వసతిగృహ స్థాపన

1918 లో హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహము వెలసెను. సంస్థానాధిపతులను, దేశముఖులను, కలిగిన కుటుంబములవారిని వెంకటరామారెడ్డిగారు స్వయముగా కలిసికొని విరాళములు సేకరించిరి. వివాహములకును, విందులకును వేలు వ్యయపరచు కుటుంబములు ఆ సొమ్ములో కొంత బాలుర చదువునకు మరలింపవలెనని వారి ప్రయత్నము. కొత్వాలు స్థానమునకు చేరువలోనున్న అధికారి గుమ్మములోనికి వచ్చి అడిగినచో కాదనుట కష్టము. పదవివలన కలిగిన పలుకుబడిని వారు ఇట్టి పనికి వినియోగించిరి.

ఒక బాలునకు నెలకింత యని ధనమిచ్చుట ఒక పద్ధతి. దాత మనసు మారినను, మరణించినను ఆ సహాయము నిలిచిపోవును. ఇల్లు కట్టి, వంటశాల యేర్పరచి, పర్యవేక్షకుని నియమించి, లెక్కలు వ్రాయించి, కార్యవర్గము చేతికప్పగించుట మరియొక పద్ధతి. ఈ రెండవదానికి శ్రమ యెక్కువ. కాని ఒక బాలుడు చదువు ముగించి వెళ్లగానే ఆ స్థలమున మరియొకడు వచ్చును. దాత పోయినను గృహము నిలుచును. నలువదిమంది కలిసి ఒకే పొయ్యిమీద వండించుకొన్నప్పుడు తలకు పడు వ్యయము తగ్గును. దీపమొక్కటే పదిమందికి వెలుగిచ్చును. ఒకడు కొన్న పుస్తకము పదిమంది చదువుదురు. పైతరగతివాడు క్రిందితరగతివానికి ఉర్దూ పాఠము చెప్పును. ఊరు విడిచి వచ్చిన పిల్లవానికి తోటివారు తోడగుదురు. ఇవన్నియు రొక్కముగా లెక్కకు రాని ఉపకార వేతనములు.

ఆ గృహమును తీర్చిదిద్దుటలో వెంకటరామారెడ్డిగారికి కుడిభుజమైనవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1896 లో జన్మించిన ప్రతాపరెడ్డిగారిదియు పాలమూరు సీమయే. మద్రాసులో ఉన్నతవిద్య నభ్యసించి వచ్చిన ఆ పండితుడు వసతిగృహపు బాధ్యతలను స్వీకరించి, విద్యార్థుల నడవడిని, వ్యాయామమును, తెలుగు చదువును శ్రద్ధతో కనిపెట్టిరి. గ్రంథాలయమును పెంపొందించిరి. 1926 మే 10 వ తేదీన వారు ప్రారంభించిన గోలకొండ పత్రికకు వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహము లభించెను. పాఠశాలలో ఉర్దూ చదివిన బాలుడు సాయంకాలమున వసతిగృహములో తెలుగు గ్రంథము పట్టుకొనగలిగెను. కూడు గూడు కొరకు కట్టిన యిల్లు భాషకును ఆశ్రయమయ్యెను.

ఫలితములు

పెట్టిన విత్తనమే మొలకెత్తవలెనని నియమము లేదని ఈ వసతిగృహ చరిత్ర చెప్పుచున్నది. స్థాపకుడు నిజామునకు నమ్మినబంటు. నగరమున రాజాజ్ఞ చెల్లించువాడు. అట్టివారు కట్టిన గృహముననే నిజాము పాలనను ఎదిరించిన నాయకులు పెరిగిరి. చౌటుప్పల్‌కు ఎంతో దూరము గాని భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908 లో జన్మించిన రావి నారాయణరెడ్డిగారు అక్కడ వసించి చదివినవారే. 1930 లో వారు కాకినాడకు పోయి ఉప్పు సత్యాగ్రహములో పాల్గొనిరి. పిదప ఆంధ్రమహాసభకు అధ్యక్షులైరి. తెలంగాణ సాయుధ పోరాటమున ముందు నడచిరి. 1952 నాటి ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండనుండి నెహ్రూగారికంటె అధికముగా ఓట్లు పొంది లోకసభకు వెళ్లిరి.

రావి నారాయణరెడ్డిగారి జీవితములో మరియొక సంగతి గమనింపదగినది. తాము వసతిగృహమున పొందిన లాభమును తమవారికే పరిమితము చేయక, హరిజన సేవక సంఘ కార్యదర్శిగా వారు హరిజన బాలుర వసతిగృహముల కొరకు శ్రమించిరి. పొందిన సహాయమునకు ఇంతకంటె మేలైన ఋణవిమోచనము వేరొకటి యుండునా?

ఈ సందర్భమున ఒక లోపమును దాచనవసరము లేదు. వెంకటరామారెడ్డిగారు స్థాపించిన గృహము ఒక కులము పేరున వెలసినది. భూములు, పలుకుబడి గల వర్గమునకు చెందిన బాలురకే మొదట మేలు కలిగెను. కూలి చేసికొను కుటుంబముల బిడ్డలు అప్పటికిని వెలుపలనే యుండిరి. వారికొరకు హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1910 నుండి పాఠశాలలు నడుపుచు వేరుగా పోరాడవలసి వచ్చెను. కాని రెడ్డి వసతిగృహము చూపిన మార్గమును ఇతరులును అందుకొనిరి. మున్నూరుకాపు, గౌడ, వైశ్య మున్నగు వర్గములవారి వసతిగృహములు నగరమున క్రమముగా వెలసినవి. ఒక యింటి దీపమునుండి వేరొక యింటివారు దీపము వెలిగించుకొన్నట్లు ఈ పద్ధతి వ్యాపించినది.

బాలికల విద్య

బాలుర సంగతి ఇట్లుండగా బాలికల సంగతి మరింత దీనముగా నుండెను. 1928 లో మాడపాటి హనుమంతరావుగారు నారాయణగూడలో తెలుగు బాలికల పాఠశాలను స్థాపించిరి. తెలుగు మాధ్యమమునకు ప్రభుత్వ గుర్తింపు లభింపనందున ఆ పాఠశాల పుణెలోని కర్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనవలసి వచ్చెను. అట్టి క్లిష్టదశలో కొత్వాలు పదవియందున్న వెంకటరామారెడ్డిగారు ఆ సంస్థకు అండగా నిలిచిరి. ఆడపిల్లను నగరములో చదివించుటకు తల్లిదండ్రులు జంకుటకు మొదటి కారణము ధనము కాదు, భద్రత. నగరరక్షకుడే పూచీపడిన సంస్థపై ఆ జంకు కొంత సడలెను.

వారి మరణానంతరము 1954 లో నారాయణగూడలో వెలసిన మహిళా కళాశాలకు రాజా బహద్దరు వెంకటరామారెడ్డి నామమునే పెట్టిరి. వేలాది యువతులు అక్కడ పట్టభద్రులైరి. కళాశాల గడప త్రొక్కని వారి పేరిట కళాశాల నిలుచుట విశేషము.

వీరశైవ లోకమున ఇట్టి త్యాగము

విద్యార్థులకు ఆధారమును కల్పించిన మహనీయులు ఆ కాలమున ఇతర ప్రాంతములలోను కలరు. లింగాయతు కుటుంబములవారికి చిరపరిచితులైన శిరసంగి లింగరాజ దేశాయిగారు (1861-1906) వారిలో శ్రేష్ఠులు. 1904 లో ధారవాడలో జరిగిన అఖిల భారత వీరశైవ మహాసభ ప్రథమ సమావేశమునకు వారు అధ్యక్షులు. సంతానము లేని ఆ దేశాయిగారు తమ విస్తారమైన జాగీరు నంతయు విద్యార్థుల చదువునకే వ్రాసియిచ్చిరి. నవలగుంద శిరసంగి ధర్మనిధి ఆ విధముగ నేర్పడినది. 1916 లో బెళగావిలో ప్రారంభమైన కర్ణాటక లింగాయతు విద్యాసంస్థ నడుపు కళాశాలకు లింగరాజ నామమునే ఉంచిరి. తుమకూరు సిద్ధగంగ మఠమున శ్రీ శివకుమారస్వామివారు 1941 నుండి 2019 లో లింగైక్యమగువరకు కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నము, వసతి, విద్య నొసగిరి. కాయకము చేసి గడించినదానిని దాసోహమున వినియోగింపవలెనను బసవేశ్వరుని మార్గమునకు విద్యార్థి వసతిగృహమే ప్రత్యక్ష రూపము.

ధర్మనిధి, వసతిగృహము అను రెండు మార్గములతోపాటు మూడవది షరతు గల సహాయము. 1913 లో డాక్టరు అంబేద్కరుగారు బరోడా మహారాజు ఉపకార వేతనముతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. చదువు ముగిసిన పిదప పదేండ్లు బరోడా కొలువు చేయవలెనని దానికొక ఒడంబడిక. చదువునకైన సొమ్మును సేవారూపమున తీర్చు పద్ధతి యిది. ఆ మహనీయుడు వైస్రాయి కార్యవర్గ సభ్యుడుగా నున్న కాలమున, 1944 లో, మెట్రిక్ పైచదువులు చదువు షెడ్యూలు కులముల విద్యార్థులకు భారత ప్రభుత్వము ఉపకార వేతనములను ప్రారంభించెను. ఒకరు పొందిన సహాయము లక్షలమందికి దారి చేసినది.

చివరి దినములు

1934 లో కొత్వాలు పదవినుండి విరమించిన పిదపను వెంకటరామారెడ్డిగారు విద్యాసంస్థల సేవను మానలేదు. 1948 లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమగుటను, 1952 లో ప్రజాప్రభుత్వ మేర్పడుటను వారు కన్నులార చూచిరి. 1953 వ సంవత్సరము జనవరి 25 వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వయస్సున స్వర్గస్థులైరి. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప రాష్ట్ర పోలీసు అకాడమీకి వారి పేరు పెట్టబడినది. శాంతిభద్రతల సేవకు అకాడమీ, విద్యాసేవకు కళాశాల వారి స్మారకములుగా నిలిచినవి.

నేటి కుటుంబములకు ఈ చరిత్ర చెప్పు పాఠము

నేడు చౌటుప్పల్ నుండి నగరమునకు బస్సులో రెండు గంటలు పట్టదు. 2023 డిసెంబరునుండి తెలంగాణలో బాలికలకు, స్త్రీలకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేని ప్రయాణము కూడ కల్పింపబడినది. అయినను కళాశాల వ్యయమును రెండుగా విడదీసి చూడవలెనను వెంకటరామారెడ్డిగారి గ్రహింపు నేటికిని పనికివచ్చును. చదువునకు చెల్లించునది ఒకటి, బ్రతుకుటకు వ్యయమగునది మరియొకటి. ఫీజు మాత్రమే లెక్కవేసికొని బిడ్డను పంపి, వసతిఖర్చు మోయలేక నడుమ మాన్పించు కుటుంబములు నేటికిని కలవు.

ప్రభుత్వ సహాయముకూడ ఈ విభజననే అనుసరించుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2008 లో విస్తృతముగా ప్రారంభమైన ఫీజు రీయింబర్సుమెంటు పథకమున కళాశాల రుసుము ఒక పద్దు, విద్యార్థి పోషణ భత్యము మరియొక పద్దు. ఇవి తిరిగి చెల్లింపనక్కరలేనివి గనుక మొదట వెదకవలసినవి. తహశీలుదారు కార్యాలయమునుండి కుల, ఆదాయ ధ్రువపత్రములు, బ్యాంకు ఖాతా, ఆధారు, మార్కుల పత్రములు పిల్లవాడు ఇంటరులో నున్నప్పుడే సిద్ధము చేసికొనినచో గడువు దాటు భయముండదు. నిధులు సకాలమున విడుదల గాక విద్యార్థులు చిక్కులు పడిన సంవత్సరములు కలవు గావున, ఆ సొమ్ము వచ్చువరకు గడుచుటకు కొంత చేతిలో నుంచుకొనుట మేలు.

తరువాత చూడవలసినది సర్కారు వసతిగృహములు, ధర్మసంస్థల వసతిగృహములు, మఠముల ఆశ్రయము. కూడు గూడు దొరకినచో సగము భారము తీరినట్లే. బ్యాంకు విద్యాఋణమును చిట్టచివరకు తలపెట్టవలెను. చదువు పూర్తియైన ఏడాది వరకు సాధారణముగా వాయిదాలుండవు గాని, ఆ కాలమున వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును. 2024 లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పీఎం విద్యాలక్ష్మి పథకమున ఎంపికచేసిన మేటి విద్యాసంస్థలలో చేరినవారికి హామీ లేని ఋణము లభించును. అట్టి సంస్థయా కాదా యని సీటు తీసికొనుటకు ముందే విచారించుకొనవలెను. ఋణము పాపము కాదు. పొలము తాకట్టుపెట్టి షావుకారువద్ద తెచ్చు అప్పుకంటె బ్యాంకు అప్పు మేలు. కాని వాయిదా యెంత, ఎన్నేండ్లు, ఆ చదువుతో రాగల జీతమెంత యని తండ్రియు బిడ్డయు కలిసి కాగితముమీద వ్రాసి చూచుకొనక సంతకము చేయరాదు.

ఈ మార్గములు ఉన్నవని తెలియజెప్పువారు లేని గ్రామములు నేటికిని ఎన్నో కలవు. 1895 లో రాజధానికి సమీపముననున్నవారికే ఉపకార వేతనము సంగతి తెలిసినట్లు, నేడును తెలిసిన కుటుంబములకే తెలియుచున్నది. ఊరిలో మొదట పట్టభద్రుడైనవాడు వేసవి సెలవులలో ఒక్క దినము కూర్చుండి, క్రింది తరగతి పిల్లలకు అర్జీలు వ్రాసిపెట్టినచో అదియు విద్యాదానమే. చదువు పూర్తియై కొలువున కుదిరినవాడు తొలి సంవత్సరపు జీతములో కొంత తాను వసించిన గృహమునకు పంపినచో వేరొక బాలుని విస్తరి నిండును. కొత్వాలుగారు ద్వారద్వారమునకు తిరిగి సమకూర్చిన గృహము ఒక్కరి సొమ్ముతో నిలువలేదు. ఇచ్చినవారు, నడపినవారు, తిని చదివి తిరిగి ఇచ్చినవారు కలిసి దానిని నూరేండ్లకు పైగా నిలబెట్టిరి. ప్రతి గ్రామమున, ప్రతి సంఘమున అట్టి చేతులు కలిసినచో అన్నము లేక చదువు మానిన బిడ్డ యుండడు.